రంగు వేసిన ఒక్క గోడ

తమ్ముడూ,

కులాసాగా చేరాను, బెంగపడకు. కొని బాగుచేసి అద్దెకిద్దామని నువ్వు మనసుపడ్డ పాత ఇల్లు చూశాను. గోడలన్నీ వెలిసిపోయి ఉంటే, వెనకగదిలో ఒక్క గోడకే కొత్త రంగు వేశారు. ఇల్లు చూపించే బ్రోకరు సరిగ్గా ఆ గదిలోనే రేడియో హోరెత్తించి పెట్టాడు. "కాసేపు ప్రార్థన చేసుకుంటాను, అది ఆపు నాయనా" అన్నాను. కాదనలేక ఆపాడు. కళ్ళు మూసుకున్నానో లేదో, గోడ లోపల నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపించింది. చెయ్యి ఆనిస్తే తడి.

"పాతిల్లు కదండీ అక్కయ్యగారూ, గోడలు గుసగుసలాడుకుంటాయి" అని నవ్వాడు.

"ఆడుకోనీ బాబూ, మధ్యలో ఈ చెమటలెందుకు పట్టాయి వాటికి?" అని అరచెయ్యి చూపించాను.

రేపోమాపో కాగితాలతో నీ దగ్గరికి వస్తాడు. అక్కయ్యగారికి ఇల్లు తెగ నచ్చిందంటాడు. నమ్మకు. మన మేస్త్రీ వచ్చి, పెచ్చు తీసి, లోపలి గొట్టం చూసేదాకా సంతకం పెట్టకు.

మరదలికి దగ్గు తగ్గిందా? డాబా మీద ఆరేసిన నా శాలువా తీశారా? పిల్లలకు ముద్దులు. తొందరపడే నీ కుడిచేతిని దేవుడు కాపాడుగాక.

మీ పెద్దక్క