బ్రేకు కింద నిమ్మకాయ

ఒరే శీనూ,

నువ్వు ఘాట్‌లో లారీతో సహా లోయలో పడి పోయి రేపటికి ఏడాది. నీ కూతురు కంప్యూటర్‌కు స్టీరింగ్, కాలి బ్రేకు బిగించి ఆన్‌లైన్‌లో కార్ల పందేలు ఆడుతోంది. పందేనికి ముందు ఒంటరిగా ట్రాక్ ఓ చుట్టు తిరగాలి. ఎంత వేగంగా తిరిగితే అంత ముందు నిలబెడతారు. ఇవాళ బాగా రావాలని, మన లారీ చక్రాల కింద పెట్టినట్టే పిల్ల కాలి బ్రేకు కింద నిమ్మకాయ పెట్టాను. మలుపులో బ్రేకు దిగలేదు. తెరమీద కారు గోడకు గుద్దుకుంది. నీ పేరు పెట్టి అరిచాను.

"ఏంది తాతా, బ్రేకుకే పూజ చేసినవా?" అని నిమ్మకాయ తీసేస్తూ నవ్వింది. "ఇంకో చుట్టుంది. ఈసారి బ్రేకు ఇంకా లేటుగా కొడతా, చుట్టు జల్దీ అయితది."

అట్లాగే ముందు వరుసలోకి వచ్చింది. రేపటి నుంచి అసలు లారీ నేర్పమంటోంది. నేను ఎవరికీ భయపడేవాణ్ని కాదని నీకు తెలుసు. గోడకు గుద్దుకుని నవ్విన ఈ పిల్లకు తాళం ఇవ్వాలంటే చెయ్యి రావడం లేదురా.