చిమ్మిలి పట్టుకుని రండి

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
9-7-2024

జోగమ్మ వదిన గారికి,

మీ మరదలు రాధారాణి నమస్కారాలు. పలాసలో మీరూ, అన్నయ్యగారూ కులాసా అని తలుస్తాను. నాలుగేళ్ళ తరవాత ఈ ఉత్తరమేమిటని అనుకోకండి. ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. సంతోషమైన కబురే!

మీ తమ్ముడికి సూది మానేశారు వదినా! ఇరవై రెండేళ్ళుగా పూటపూటా పొడిచిన ఇన్సులిన్! వేలు గుచ్చి షుగరు చూడటం కూడా అక్కర్లేదట. డాక్టరు రాసిన కాగితం పట్టుకుని నర్సు జెనీ ఇంటికే వచ్చింది. నమ్మలేక రెండుసార్లు అడిగాను. అత్తా, మావ యేటడిగితే అది పెట్టు, ఆ పుస్తకం పక్కన పడెయ్యి అంది. ఆయన రైల్వే షెడ్డులో ఇంజిన్లకు రాసినట్టు నేను రోజూ ఆయన షుగరు రాసే పుస్తకం. ఇది పదకొండోది!

వెంటనే ఆయన రసగుల్లా అన్నారు. టోటో రిక్షా ఎక్కి గోల్‌బజారు వెళ్ళి తెచ్చాను. చిదిమి పెడితే సగం తిన్నారు. గడ్డం మీద కారిన రసం తుడవనివ్వలేదు. ఇన్నేళ్ళూ నన్ను సెంట్రీ అని పిలిచిన మనిషి కదా, సెంట్రీకి డూటీ అయిపోయింది దాదా అని పక్కింటి బెంగాలీ ఆయనతో కిటికీలోంచి ఒకటే నవ్వు!

ఇప్పుడు అడిగేదల్లా అప్ప చేతి చిమ్మిలి. నువ్వులూ బెల్లమూ మీరు రోట్లో దంచేదే. మీ అమ్మాయి కళ్యాణి పెళ్ళిలో అందరి ముందూ ఆయన చేతిలోంచి ఆ ఉండ లాక్కున్నాను. నా సేతి ముద్ద యిసమేటే అన్నారు మీరు. ఆ పొద్దున ఆయన షుగరు మూడు వందల నలభై. ఆ మాట మీకు చెప్పలేదు. ఇక లాక్కోను. పట్టుకుని రండి.

మీ మరదలు,
రాధారాణి

తా.క. పై ఉత్తరం ఆయనకు చదివి వినిపించాక ఇది వంటింట్లో రాస్తున్నాను. షుగరు నయం కాలేదు వదినా. లివరు క్యాన్సరు, ముదిరిపోయింది. పోయిన సోమవారం ఆయన రెండు చెంచాల గంజి తాగారు. నేను పుస్తకం చూసి ఎప్పటిలాగే ఇరవై యూనిట్లు పొడిచాను. చెమటలు పట్టి స్పృహ తప్పారు. జెనీ పరుగున వచ్చి గ్లూకోజు ఎక్కించింది. తిండి తినలేని మనిషికి షుగరు పడిపోవడమే ఎక్కువ ప్రమాదమనీ, ఉన్న కొద్ది రోజులూ సుఖంగా ఉంచమనీ డాక్టరు సూది ఆపించారు. ఇదేమీ ఆయనకు తెలియదనుకుని అలా రాశాను. పై ఉత్తరమంతా విని ఆయన ఒకటే అడిగారు. అప్పని బేగి రమ్మని రాయనేదేటి?

చిమ్మిలి మెత్తగా దంచండి. ఆయన నమలలేరు.