నిన్న ఏం తిన్నారు?

చిరంజీవి అమ్మడికి,

నాన్న రెండు చేతులూ ఎత్తి దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ అమ్మ, మీ అమ్మ కుట్టుమిషను, పై అంతస్తువాళ్ళ చిలక, అందరం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమంగా ఉన్నావని నమ్ముతున్నాను. ఈ క్షేమం అనే మాటతో నాకు ఈమధ్య పెద్ద పేచీ వచ్చింది. అది చివర తేల్చుకుందాం.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ముందు మీ అమ్మ చదివింది. తర్వాత నేను చదివాను. ఆ తర్వాత నేను గట్టిగా చదివాను, కాబట్టి మేడ మేడంతా విన్నది. నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు: నా మోకాలు బాగుంది. మీ అమ్మ కొత్త కళ్ళజోడు పెట్టుకుంటోంది. పెట్టుకున్న దగ్గర్నుంచి నా చొక్కా కాలరు మురికి ఆమెకు కనబడుతోంది, ఇంట్లో శాంతి తగ్గింది. మెట్ల దగ్గర మాడిపోయిన బల్బు ఇంకా మార్చలేదు. దాని కిందే నిలబడి వెలుగు గురించి రెండు ప్రసంగాలు చేశాను. బల్బు రాలేదు.

బొత్తాల అవ్వ ఎలా ఉందని అడిగావు. నీ కాలేజీ కోటుకు ఆరు బొత్తాలు కుట్టి పంపిన చెయ్యి కదా, అడగవూ మరి. ఆమె సంగతి తర్వాత రాస్తాను.

ఇప్పుడు అసలు విషయం. పరిశోధనా పద్ధతుల పేపరు తప్పాననీ, ఇరవయ్యో తేదీన మళ్ళీ పెట్టే పరీక్ష రాయననీ, కోర్సు వదిలేసి వచ్చేస్తాననీ రాశావు. "బాధపడే మనిషి చెయ్యి పట్టుకోడానికి నమూనాలెందుకు, పట్టికలెందుకు, పోల్చి చూడ్డానికి ఇంకో గుంపెందుకు? ప్రేమ చాలని నువ్వే రాశావు కదా నాన్నా. నీతోపాటు ముసలివాళ్ళ ఇళ్ళకు తిరుగుతాను. పెట్టె సర్దుతున్నాను" అన్నావు.

రాశాను, నిజమే. రెండు నెలల క్రితం, ఇదే బల్ల మీద, మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి మరీ రాశాను.

పెట్టె విప్పు తల్లీ. బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టు. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

నా శనివారం సేవ నీకు తెలిసిందే. ఎదురెదురుగా ఉన్న మన రెండు మేడల్లో ఎనిమిది గదులు, గదికొక ఒంటరి ముసలి ప్రాణం. తలుపు కొడతాను, పరిశుద్ధ గ్రంథం తెరుస్తాను, ప్రసంగిస్తాను, ప్రార్థిస్తాను. చివర నోటుబుక్కు తీసి ఒక ప్రశ్న అడుగుతాను: "నేను వచ్చినందుకు మీ మనసు తేలికపడింది కదా? దేవుడి దయవల్ల మీకే లోటూ లేదు కదా?" వాళ్ళు తల ఊపుతారు. నేను "అవును" అని రాసుకుంటాను. నలభై వారాలకు మూడు వందల ఇరవై జవాబులు వచ్చాయి. మూడు వందల ఇరవయ్యీ అవునే! పరవశించిపోయి ఆ నోటుబుక్కుకు నకలు రాసి వార్డు సంక్షేమ కార్యాలయానికి పంపించాను. నాలుగు రోజులకు అక్కడినుంచి ఒక నర్సమ్మ వచ్చింది. పొట్టి మనిషి, చెవి మీద పెన్సిలు. మెచ్చుకోడానికి వచ్చిందనుకుని ఎదురెళ్ళాను.

ఆమె గడియారాల తాత గదిలో కూర్చుంది. గడియారాలు బాగుచేసి బాగుచేసి కళ్ళు అరిగాయే గానీ నాలుక అరగని ఆ తాత నీకు గుర్తుండే ఉంటాడు. నన్ను పక్కన నిలబెట్టుకునే నర్సమ్మ అడిగింది.

"ఈ ప్రశ్న ఎవరు రాశారండీ?"

"నేనే."

"జవాబు?"

"అదీ నేనే రాశాను. వాళ్ళు తల ఊపారు."

"మీరు ప్రార్థన చేస్తున్నప్పుడు కూడా ఊపుతారా?"

"ఊపుతారు! భక్తితో ఊపుతారు!"

"అయితే దేనికి ఊపారో మీకెలా తెలుసు?"

ఉరిమినట్టు ప్రసంగం అందుకోబోయాను. ఈలోగా తాత అందుకున్నాడు. "నేను చెబుతానమ్మా. ఉరుముగారికి అవునంటే ముప్పావు గంటలో వెళ్ళిపోతాడు. కాదంటే గంటా నలభై నిమిషాలు."

ఉరుముగారు అంటే నేనే. నాకు ఆ పేరుందని ఆ రోజే తెలిసింది.

"అంత కచ్చితంగా ఎలా చెబుతారు తాతా?" అంది నర్సమ్మ.

"చూడ్డానికే ఒక శనివారం కాదన్నా. గోడకు ఏడు గడియారాలున్నాయి, ఏడూ ఒకే మాట చెప్పాయి. నడుం నొప్పి ఉందని ఒప్పుకున్నందుకు అన్నిరకాల నొప్పులకూ ప్రార్థన చేశాడు. అయ్యేసరికి నిజంగానే అన్నీ వచ్చాయి, చివరికి అవునన్నాకే వదిలాడు. ఎదురు మేడవాళ్ళకు కబురు పంపా, ఎవరూ కాదనొద్దురోయ్ అని."

నర్సమ్మ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. పెన్సిలుతో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

నేను మండిపోతూ ఇంటికొచ్చాను. సేవకు కొలత పెడతారా! కన్నీటిని గ్లాసుతో కొలుస్తారా! ఆమె నోరు మూయించే వాక్యం ఒక్కటి దొరక్కపోతుందా అని గ్రంథం తెరిచి పేజీలు తిప్పుతున్నాను. ద్రాక్ష గానుగ చాటున దాక్కుని గోధుమలు దుళ్ళగొట్టుకునే ఆ పిరికి రైతు తగిలాడు. లేచి యుద్ధానికి వెళ్ళమని దేవుడు పిలిస్తే, నిజంగా నన్నేనా అని కళ్ళంలో గొర్రెబొచ్చు పరిచాడు చూడు, వాడే. తెల్లారేసరికి మంచుకు బొచ్చు మాత్రమే తడవాలి, నేల పొడిగా ఉండాలి అన్నాడు. అలాగే జరిగింది. అప్పుడైనా లేచాడా? రేపు తిరగేసి జరగాలి, బొచ్చు పొడిగా, నేల తడిగా అన్నాడు. ఆ అనుమానపు పీనుగను తిడుతూ నేను ఇప్పటికి పదకొండు ప్రసంగాలు చేశాను. పన్నెండోది మీ అమ్మ ముందు మొదలుపెట్టాను.

మీ అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ అంది, "రెండోసారి తిరగేసి అడగడం మంచిదే కదండీ."

"ఎందుకు మంచిది?"

"బొచ్చు ఎలాగూ నీళ్ళు పీలుస్తుంది. మొదటిరోజు తడిసింది దేవుడి మహిమో, బొచ్చు గుణమో ఎవరికి తెలుసు? తిరగేస్తేనేగా తేలేది." దారం ఎక్కింది. "ఇంతకీ దేవుడు కోప్పడ్డాడా?"

"లేదు. అడిగినట్టే చేశాడు."

"దేవుడికి రాని కోపం మీకు పదకొండుసార్లు ఎందుకొచ్చింది?"

అమ్మడూ, ముప్పై ఏళ్ళుగా ఎవరి దగ్గరా చదువుకోకుండా నాకు నేనే గ్రంథం నేర్చుకున్నాననే గర్వం నాది. ఆ గొర్రెబొచ్చును మీ అమ్మ చదివినట్టు నేనొక్కసారీ చదవలేదు. మర్నాడు నీ బల్ల సొరుగు లాగాను. నువ్వు వదిలివెళ్ళిన నోట్సులో ఒక వాక్యం ఉంది: "ప్రశ్నలోనే జవాబు పెట్టరాదు." కింద ఎర్రసిరాతో రెండు గీతలు. గీసింది నువ్వే. ఆ పేపరు ఎలా తప్పావో గానీ, తప్పాల్సినవాణ్ణి నేను.

అప్పుడు నేనూ బొచ్చు పరిచాను. ఎనిమిది గదుల పేర్లూ చీటీలు రాసి మీ అమ్మ గిన్నెలో కలిపి తీశాం. నాలుగు గదులకు నేను నా ప్రశ్నతో వెళ్ళాను. నాలుగింటికి మీ అమ్మ వెళ్ళింది. ఆమె ప్రసంగించదు. కూర్చుంటుంది, చేతిలో ఏదో కుట్టుపని ఉంటుంది, ఒక్కటే అడుగుతుంది: "నిన్న ఏం తిన్నారు?" రెండు వారాలయ్యాక గదులు మార్చుకున్నాం.

నా నాలుగు గదుల్లో మొదట అందరూ సుఖమే. మీ అమ్మ నాలుగింట్లో ఒకరికి రక్తపోటు మందు అయిపోయి పన్నెండు రోజులైంది. ఒకావిడ పంటినొప్పికి నీళ్ళు తాగి పడుకుంటోంది. ఒకాయన చెల్లెలు పోయిన సంగతి ఎవరికీ చెప్పుకోక కుమిలిపోతున్నాడు. నాలుగో ఆయన శుభ్రంగా ఉన్నాడు, మేం రాకపోతే ఇంకా శుభ్రంగా ఉంటానన్నాడు. గదులు మార్చాక ఏమైందంటావు? నా దగ్గర సుఖంగా ఉన్న నలుగురిలో ముగ్గురికి బాధలు పుట్టాయి. మీ అమ్మ దగ్గర ఏడ్చినవాళ్ళు నన్ను చూడగానే సుఖపడిపోయారు. మీ అమ్మ కూర్చున్న చోటల్లా బొచ్చు తడిసింది. నేను నిలబడ్డ చోటల్లా నేల ఎండింది.

ఇంకో వారం మూడో పరీక్ష పెట్టాను. ఇది నా సొంత బుర్ర, నీ నోట్సులో లేదు. తేడా మనిషిదా, ప్రశ్నదా? నా ప్రశ్న మీ అమ్మకిచ్చాను, ఆమెది నేను తీసుకున్నాను. మీ అమ్మకూ అందరూ "ఏ లోటూ లేదమ్మా" అన్నారు! నేను తాత గదిలో మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నిన్న ఏం తిన్నారని అడిగి నోరు మూసుకున్నాను. ఎంత కష్టమో నీకు తెలియదు. తాత ఏడు గడియారాలూ చూశాడు, ప్రార్థన రాలేదు. అప్పుడు మెల్లగా అన్నాడు: "గ్యాసు అయిపోయి ఆరు రోజులైంది నాయనా. బిస్కెట్లు తింటున్నా." నేనే సిలిండరు మోసుకొచ్చాను. ఇంటికి వచ్చి మీ అమ్మతో, "చూశావా, గొప్పదనం నీది కాదు, ప్రశ్నది" అన్నాను. ఆ సాయంత్రం నాకు టీ రాలేదు.

ఇంతవరకూ నవ్వుతూ రాశాను. ఇక బొత్తాల అవ్వ సంగతి.

నర్సమ్మ నా నోటుబుక్కు మెచ్చుకోడానికి రాలేదు. అవ్వ గదిలో స్పృహ తప్పి పడిపోయిందని వచ్చింది. తలుపు తీసి చూసింది పాలు పోసే ఆవిడ. ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంది, ఆమె ఇంటికొచ్చాకే మేం చీటీలు తీశాం. అవ్వ పడిపోయింది సోమవారం. శనివారం నా నోటుబుక్కులో ఆమె "అవును" ఉంది, నా దస్తూరీతో. చేతులు వణుకుతున్నాయని, తెలిస్తే ఎవరూ బొత్తాల పని ఇవ్వరని ఎవరికీ చెప్పలేదు. అగ్గిపుల్ల గీయలేక ఏడు వారాలు స్టవ్వు వెలిగించలేదు. చల్లటి రొట్టె, అదీ ఒక పూట. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని మీ అమ్మ అడిగిన ప్రశ్నే అది, నిన్న ఏం తిన్నారని. అవ్వ ఏడ్చిందట.

ఆ ఏడు వారాలూ నేను ఆమె స్టవ్వు పక్కనే నిలబడి ప్రార్థన చేశాను తల్లీ. ఆ గదిలో బల్ల లేదు. గ్రంథం ఆ స్టవ్వు మీదే పెట్టేవాణ్ణి. ఒక్కరోజన్నా వెచ్చగా తగల్లేదు, నాకు తోచలేదు.

అవ్వ పడిన ఆ వారం, గురువారం నాడే నీకు "ప్రేమ చాలు, వచ్చెయ్" అని రాశాను. అవ్వ మాట ఎత్తలేదు. అందరం క్షేమం అన్నాను. నువ్వు వస్తే నా సేవకు సాక్ష్యం అవుతుందనుకున్నాను. ఈ రెండు నెలలూ నేను దాచిన పాపం ఇది. నాకు అవ్వ మీద ప్రేమ లేక కాదు. ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ ప్రేమతోనే నలభైసార్లు అవును రాసుకున్నాను.

ఇప్పుడు నువ్వు పెట్టె సర్దుకుని వస్తే ఏమవుతుందో చెప్పనా? నీకు నాకంటే మెత్తని గొంతు, మంచి ముఖం. నీకు ఇంకా తొందరగా అవునంటారు. నిన్ను నొప్పించలేక అంటారు. అందుకే ఆ పేపరు రాయి. మనం చేసే మంచి మంచో కాదో మన కడుపు నిండిన సంతోషాన్ని అడిగితే తెలియదు. ఎలా అడగాలో, ఎవరిని అడగాలో, అడగనివాళ్ళ సంగతేమిటో నేర్పే చదువును వదిలేసి సేవకు దిగితే ఉరుముగారి కూతురివే అవుతావు. ఒక ఉరుము ఈ వీధికి ఎక్కువే. ఇరవయ్యో తేదీ అయ్యాక రా. వచ్చి నా నోటుబుక్కు దిద్దు.

అవ్వ ఇంటికొచ్చింది. పూటకొకరం వెళ్ళి స్టవ్వు వెలిగిస్తున్నాం. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను, తన గురించిన పేరాతో సహా. పంపనా వద్దా అని అడిగితే తల ఊపింది. తల ఊపితే లెక్కలేదు, నోటితో చెప్పమన్నాను. "పంపు నాయనా. పరీక్ష రాసి రమ్మను, నిన్నొక్కణ్ణే నా మీదకు వదలొద్దను" అంది.

పైన మొదటి పేరాలో మేం క్షేమం అని రాశాను. కొట్టెయ్యడం లేదు, అలాంటి జవాబుకు అది నీకొక నమూనాగా ఉండనీ. నిన్న నేను పొద్దున రెండు రొట్టెముక్కలు, టీ తీసుకున్నాను. మధ్యాహ్నం ఉడికిన గుడ్డు. సాయంత్రం ఏమీ తినలేదు, మోకాలు నొప్పికి ఆకలి పుట్టలేదు. మందు అయిపోయి ఐదు రోజులైంది. ఈ ఉత్తరం కవరులో పెట్టేముందు మీ అమ్మ చదువుతుంది, కొత్త కళ్ళజోడుతో. కాబట్టి రేపటికి మందు వస్తుంది.

నువ్వు కూడా జవాబులో క్షేమం అని రాయకు. పేపరు తప్పిన రోజు నుంచీ సరిగ్గా తింటున్నావో లేదో నేనొక్కసారీ అడగలేదు. ఇప్పుడు కూర్చునే అడుగుతున్నాను, ప్రార్థన తర్వాత చేసుకుంటాను.

నిన్న ఏం తిన్నావు అమ్మడూ?

ఇట్లు,
జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని ఉండే
నీ నాన్న