టీకాకు ముందు అడిగే ప్రశ్న

మే 29

ఆఫర్ లెటర్ వచ్చింది. ఉగాండా, షుగర్ ఫ్యాక్టరీ ల్యాబ్, రెండేళ్లు. జూన్ 28న ఫ్లైట్. ఇక్కడి మిల్లులో ఏడాదికి నాలుగు నెలలే పని. మిగతా కాలమంతా కొండ కింద నాన్న పూజసామాన్ల కొట్లో కూర్చుని కర్పూరం పొట్లాలు కట్టడమే. ఈ అవకాశం పోతే ఇంకోటి రాదు. పోకూడదు.

కంపెనీ లిస్టు పంపింది. పొడుగు చేతుల కాటన్ బట్టలు, లేత రంగులవి. దోమతెర. ఓఆర్‌ఎస్. మలేరియా మాత్రలు బయల్దేరకముందే మొదలుపెట్టాలి. కాచిన నీళ్లే తాగాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకపోతే దేశంలోకి రానివ్వరు.

మే నెలలో చెప్పుల్లేకుండా తిరుత్తణి మురుగన్ కొండ మెట్లెక్కే మనకు ఎండ సంగతి వాళ్లేం చెప్పేది అని నాన్న నవ్వాడు.

మే 31

ద్వారకనాథ్ మామ వచ్చాడు. ఎప్పుడో పదకొండు రోజులు మలేషియా చూసొచ్చాడు. అప్పట్నుంచి అన్ని దేశాలకూ ఆయనే పెద్ద. తడిసిన షూలో న్యూస్‌పేపర్ కుక్కి పెట్టమన్నాడు, ఒట్టి కాళ్లతో మట్టిలో నడవొద్దన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. యాడ చూసినా కేకుల్లో, బన్నుల్లో అది కలిపేస్తారమ్మా, అడిగి తిను అన్నాడు. నాన్న ముఖం మాడ్చుకుని లేచిపోయాడు. మా ఇంట్లో గుడ్డు అనే మాటే పలకరు. బేకరీ కేకు గడప దాటి రాదు.

నేను కంచం తీసుకుని వంటింట్లోకి పోయాను.

జూన్ 3

టీకా ఫారం డౌన్‌లోడ్ చేశాను. ఏడో ప్రశ్న: గుడ్డుకు అలర్జీ ఉందా?

ఉంది. ఈ మాట ఇప్పటిదాకా డైరీలో కూడా రాయలేదు. నాలుగేళ్ల కింద, తిరువళ్లూరు హాస్టల్‌లో, నా రూమ్మేట్ దర్శిని పుట్టినరోజు. ఎలా ఉంటుందో చూద్దామని రెండు ముక్కలు ఆమ్లెట్ తిన్నాను. కాసేపటికే పెదవులు వాచాయి, గొంతు మూసుకుపోయింది. దర్శిని ఆటోలో ఆస్పత్రికి మోసుకుపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అన్నాడంట. ఇంట్లో ఎవరికీ తెలీదు.

దర్శినికి ఫోన్ చేశాను. ఆ టీకా తయారయ్యేదే గుడ్డులో, పైత్తియమా నీకు, పిచ్చి పట్టిందా, చెప్పేయవే అని తిట్టింది. చెప్తే టీకా వెయ్యరు. వెయ్యకపోతే ఉద్యోగం లేదు. ఎందుకు లేదో నాన్నకు చెప్పాలి. దర్శిని ఇంకేదో చెప్పబోయి ఆగింది.

జూన్ 4

నో దగ్గర టిక్ పెట్టాను.

జూన్ 9, ఉదయం 6.10

టీకా కోసం చెన్నై లోకల్ రైల్లో ఉన్నాం. నాన్న కొట్టు మూసి వెంట వస్తున్నాడు. వద్దంటే వినలేదు. భయంగా ఉంది.

అదే రోజు, సాయంత్రం

డాక్టరు ఫారం చూసి మళ్లీ నోటితో అడిగాడు. గుడ్డుతో ఏమైనా ప్రాబ్లమా అని. లేదు సార్ అన్నాను. మేం ముట్టనే ముట్టమని నాన్న గొప్పగా చెప్తాడనుకున్నాను. నా వంకే చూస్తున్నాడు. నర్సు నా చెయ్యి దూదితో తుడిచింది. సూది ఎత్తింది.

నాన్న అడ్డంగా చెయ్యి పెట్టాడు. వెయ్యొద్దమ్మా, ఈ పిల్లకు గుడ్డు పడదు, ఒకసారి ప్రాణం మీదికొచ్చింది అన్నాడు. ఆయన నోట గుడ్డు అనే మాట వినడం అదే మొదటిసారి.

డాక్టరు నన్ను దులిపేశాడు. టీకా వెయ్యకూడదని లెటర్ రాసిచ్చాడు. అక్కడివాళ్లు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. టీకా లేదు గనక దోమ కుట్టకుండా చూసుకోవడమే నీకు మందు అన్నాడు. అలర్జీ సంగతి కాగితం మీద రాసి ఎప్పుడూ దగ్గరుంచుకోమన్నాడు.

తిరిగొచ్చే రైల్లో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. తిరువళ్లూరులో బండి ఆగినప్పుడు నోరు తెరిచాడు. ఆ దినం ఆస్పత్రి వాళ్లు నాకే ఫోన్ చేసినారు, వచ్చినాను, నువ్వు నిద్రలో ఉండావు, నీకు ఊపిరి బాగా ఆడేదాకా వరండాలో కూర్చోని, చెప్పొద్దని దర్శినికి చెప్పి బండెక్కినాను అన్నాడు.

ఎందుకు అడగలేదని అడిగాను. అడిగితే నువ్వు అబద్ధం చెప్పాల్సొస్తాది గదా అన్నాడు.

నాలుగేళ్లు! నేను దాచాననుకుంటున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆయన భుజం మీద తల పెట్టి ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. ఇల్లు చేరేముందు, అమ్మకు చెప్పొద్దులే అన్నాడు.

జూన్ 15

లెటర్ కంపెనీకి పంపాను. జవాబు లేదు. నాన్న మాట్లాడుతున్నాడు గానీ నా ముఖం చూడటం లేదు. కోపమైతే తిట్టొచ్చు కదా.

జూన్ 21

కంపెనీవాళ్లు రమ్మన్నారు. ఎయిర్‌పోర్టులో ఆపితే మాత్రం బాధ్యత నాదేనంట. నాన్నకు చెప్పాను. సరే అన్నాడు, అంతే.

జూన్ 27

పెట్టెలో దోమతెర కింద ఒక కవరు దొరికింది. కొట్టు పక్క జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించిన కార్డులు. ఇంగ్లీషులో, నాన్న చేతిరాత. గుడ్డు పడదు, తింటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి అని. కింద ఆయన ఫోన్ నంబరు.

ఇంకొక కార్డు దేవుడి గూట్లో, మురుగన్ పటం ముందు పెట్టాడు. ఎగ్ అని ఎంత పెద్ద అక్షరాలో!

అమ్మకు ఇంగ్లీషు రాదు. వీసా అనుకుని దాని మీద పువ్వు పెట్టింది.