పిడికెడు బియ్యం సంచి

జూలై 6, ఆదివారం
చర్చి పక్కగదిలో సంచి మళ్ళీ కుంగింది. మా ఆడవాళ్ళం వంటకు ముందు ఒక్కో పిడికెడు తీసిపెట్టి తెచ్చిన బియ్యం అది. లేనివాళ్ళకు పంచేది. నేను కట్టిన ముడి కట్టినట్టే ఉంది. బియ్యమే తగ్గింది.

జూలై 8, మంగళవారం
ముడి విప్పి, మళ్ళీ అచ్చం నాలాగే కట్టాలంటే... ఆ ముడి నేను నేర్పింది ఒక్క రూతుకే. గది ఊడ్చేది ఆమె. తాళంచెవీ ఆమె దగ్గరే. ఎవరికీ చెప్పలేదు. ఇద్దరికి తప్ప.

జూలై 11, శుక్రవారం
స్త్రీల సమాజం కూడిక. నోరు ఆగలేదు. "నీ చెయ్యి గాక ఇంకెవరి చెయ్యి పోతది రూతూ అందుల?" అందరి ముందూ అనేశాను. ఆమె కొంగు దులుపుకొని లేచిపోయింది. బియ్యం తియ్యని మనిషైతే తిట్టదా నన్ను?

జూలై 13, ఆదివారం
రూతు ఇంటి నుంచి గిన్నెడు బియ్యం తెచ్చి సంచిలో పోసింది. "తక్కువైనయ్ అన్నవ్ గదక్కా." అంతే. దొరికిపోయింది! తియ్యకపోతే ఎందుకు పోస్తుంది?
ఇంటికొచ్చి మా ఆయనతో అంటే, "సంచి జరిపి సూసినవా?" అన్నారు. నెలాఖరున ప్రార్థన చేసి పంచేదాకా సంచి కదపకూడదు. తెలియదా ఈయనకు? ఎవరి పక్షమో!

జూలై 14, సోమవారం
ఈయన వినలేదు. జరిపేశారు.
సంచికి గోడవైపు అడుగున పిడికిలి పట్టేంత కన్నం. కింద బండల సందులో బొరియ. బొగ్గుబాయిలో పనిచేసిన చెయ్యి... గడ్డపార వేసి బండ లేపారు. మూరెడు లోతున బియ్యం, కుప్పగా. రేషన్‌వి, సన్నవి, అన్నీ కలిసి. పక్క గూట్లో పల్లీలు.
"పందికొక్కు. వానలు పడ్తే బయట తిండి దొరకది. పిల్లలు గూడ ఉంటయ్. గందుకే కడుపు నిండినా మోసుకొచ్చి దాస్తది."
దాని మీద కోపం రాలేదు. సిగ్గేసింది. రూతు పోసిన బియ్యం ఏ పూటవో...

జూలై 15, మంగళవారం
నస్పూర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ముందు ఆమెకు చెప్పి, తర్వాత అందరికీ చెప్పాలని. పొయ్యి మీద మక్కజొన్న రవ్వ గటక ఉడుకుతోంది. అన్నం గిన్నె కనబడలేదు.
"రూతూ..." అన్నానో లేదో, తలుపు బార్లా తీసి పక్కకు జరిగింది.
"ఈసారి ఏం పోయిందక్కా? రా, లోపలికొచ్చి ఎతుక్కో."
గడప దగ్గర్నుంచే తిరిగొచ్చేశాను.
"చెప్పినవా?" అని ఈయన అడిగారు.
చెప్పానన్నాను.