వానకి బెదరని లెన్‌వర్త్ మొక్క

కొండ మీంచి, మార్చి నెల

సావ్ పట్నంలో విత్తనాలు దాచే ఆఫీసు పెద్దయ్యగారికి,

ఐసొలీన్ టుల్లక్ నమస్కారం చేసి రాసుకునేది. మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. నేను చదివింది తక్కువ. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

మా అబ్బాయి లెన్‌వర్త్ పోయిన అక్టోబరు వరదలో వాగు దాటబోయి పోయాడు. మా పెరట్లోనే, వాళ్ళ నాన్న సమాధి పక్కన పెట్టుకున్నాం. వాడు మీకు తెలిసే ఉంటాడు. ఒకసారి తన గంజాయి గింజలు పొట్లం కట్టి మీ ఆఫీసులో దాచి వచ్చాడు. వాళ్ళ నాన్న నాటినుంచీ వస్తున్న గింజ అది. ఎంత వానకైనా బూజు పట్టదు. నేను పొగ తాగేదాన్ని కాదండి, చర్చికి వెళ్ళేదాన్ని. ఆకు కాచి టీ తాగుతాను, రమ్ములో నానేసి రొమ్ముకి రాసుకుంటాను, అంతే.

తొమ్మిదో రాత్రి అందరూ చేసినట్టే మేమూ చేశాం. వేయించిన చేప, రొట్టె, తెల్ల రమ్ము, పాటలు. పోయినవాడు తిరిగొస్తే ఇల్లు ఆనవాలు పట్టకూడదు కదా, మా చెల్లెలు మెర్లీన్ వాడి గదంతా తారుమారు చేసింది. మంచం అటు, బీరువా ఇటు. ఆ ఊపులో బల్ల మీది గింజల డబ్బా కూడా వాకిట్లో బోర్లించి, కడిగి, అందులోనే అందరికీ కాఫీ పోసింది. గింజలు కోళ్ళు తినేశాయి.

ఇప్పుడు నా దగ్గర ఒక్క గింజ లేదు. వాడి పొట్లంలోంచి కాసిని ఇప్పిస్తే మే వానలకి వేసుకుంటాను. వాడిది ఏదో ఒకటి పెరట్లో పెరుగుతుంటే చూడాలని ఉంది, అంతకంటే ఏం లేదు.

మీ జవాబు కోసం గేటు దగ్గర నిలబడే
ఐసొలీన్

తా.క. ఆ గింజలు తిని మా కోళ్ళకి మత్తెక్కిందని ఊళ్ళో అంటున్నారు. నమ్మకండి. గింజల్లో మత్తుండదు. ఊరికే సంతోషంగా ఉన్నాయి.

*

సవన్నా-లా-మార్, జమైకా
వేడి, తేమ ప్రాంతాల విత్తన భద్రతా విభాగం

శ్రీమతి టుల్లక్ గారికి,

మీ ఉత్తరం చేరినది. విచారం తెలియజేయుచున్నాము.

నిబంధనల ప్రకారం విత్తనములు దాచిన వ్యక్తి స్వయముగా గుర్తింపు కార్డుతో వచ్చి తీసుకొనవలెను. అది వీలు కానిచో, గుణగణములు మీ సొంత మాటల్లో వ్రాసి పంపవలెను. ఎత్తు, ఒడ్డు, పూతకు వచ్చు కాలము, వానకు తట్టుకొను తీరు, వాసన మొదలగునవి. పొట్లము కొరకు మా చల్లగదిలో వెదుకుచున్నాము.

విధేయుడు
కార్డెల్ బక్నర్, సహాయ అధికారి

తా.క. మేము చల్లగా ఉన్నామని తలచినారు. కరెంటు లేనప్పుడు మా చల్లగది ఈ జిల్లాలోకెల్లా వేడిగది.

*

కొండ మీంచి, ఏప్రిల్

బక్నర్ బాబుకి,

స్వయంగా వచ్చి తీసుకోవాలన్నారు. వాడు వస్తే అంతకన్నా నాకేం కావాలి! ఒకవేళ మీ ఆఫీసుకి వస్తే చెప్పండి, మంచం మళ్ళీ పాత చోటికే జరిపించానని. మెర్లీన్ తిడుతోంది. తిట్టనీ. ఇన్ని నెలల్లో ఒక్కసారి కలలోకి రాలేదు. ఇల్లు కనుక్కోలేక వెనక్కి పోతున్నాడేమో అని నా బెంగ.

గుణగణాలు రాయమన్నారు కదా. కన్నతల్లిని అడిగారు, వినండి. పొడుగు. గుమ్మం తగిలేటంత. సన్నం. ఎంత పెట్టినా ఒళ్ళు చేయడు. ఏదైనా ఆలస్యమే. ఊళ్ళో అందరివీ కోసి ఆరబెట్టుకున్నాక తీరుబడిగా పూస్తుంది. మూసిన గదిలో ఊపిరాడదు. కొమ్మకీ కొమ్మకీ మధ్య గాలి ఆడుతుంది, అందుకే బూజు దరికి రాదు. వాన పడితే పాట అందుకుంటాడు. అలిగితే రెండు పూటలు తిండి ముట్టడు, కాల్చిన సీమపనస ముందు పెట్టామా, అలక పోయినట్టే. వాసన నిమ్మతొక్కలా, మిరియంలా, కాస్త తడిసిన గొడుగులా ఉంటుంది. ఆడపిల్లలు చూస్తే మాత్రం సిగ్గు.

ఇంతకన్నా ఎవరూ చెప్పలేరు.

ఆశ పెట్టుకున్న
ఐసొలీన్

తా.క. చల్లగదికి కరెంటు లేకపోతే కిటికీ తియ్యండి బాబూ. దానికి కూడా పైనుంచి కాగితం రావాలా?

*

విత్తన భద్రతా విభాగం

శ్రీమతి టుల్లక్ గారికి,

తమరి వివరములు కమిటీ పరిశీలించినది. పొడుగు, సన్నము, ఆలస్యపు పూత మా పట్టికతో సరిపోయినవి. అయితే "వాన పడితే పాట అందుకొనును", "కాల్చిన సీమపనసతో అలక తీరును" అను లక్షణములు ఇంతవరకు ఏ రకమునకును నమోదు కాలేదు. సీమపనసను ఎరువుగా వేయవలెనా, నీటిలో కలిపి ఆకులపై చల్లవలెనా తెలుపగలరు.

పొట్లము ఇంకను దొరకలేదు. ఈలోపల సీజను పోకుండా, చలిదేశమునుండి తెప్పించిన, పోటీలో బహుమతి పొందిన రకము పంపుచున్నాము. పొట్టిగా, దట్టముగా, తొందరగా వచ్చును. మీ కొండపై రైతులందరికీ ఇదే ఇచ్చినాము.

విధేయుడు
కార్డెల్ బక్నర్

తా.క. మొక్క పాడుటను రికార్డు చేయుటకు మా డైరెక్టరు గారు స్వయముగా వత్తునన్నారు. ఏ వాన అయితే బాగుండును?

*

కొండ మీంచి, ఆగస్టు

బక్నర్ బాబూ,

సీమపనస తినేది మొక్క కాదు నాయనా, మా అబ్బాయి! గుణగణాలు అడిగితే తల్లి ఎవరివి రాస్తుంది? మీ డైరెక్టరు గారిని ఇంట్లోనే ఉండమనండి.

మీరు పంపినవాళ్ళు మొలిచారు. ఏం చెప్పమంటారు! మోకాలి ఎత్తు రాకుండానే పూతకొచ్చాయి. వాళ్ళ దేశంలో వేసవి పొద్దు ఎక్కువసేపు ఉంటుందట, మా పొద్దు చూసి చలికాలం వచ్చేసిందని కంగారుపడ్డాయట. మా పక్క తోట హోప్టన్ చెప్పాడు. గుండ్రంగా, బిర్రుగా, గాలి చొరకుండా కూర్చున్నాయి. ఎండొస్తే వాడిపోతాయి, చినుకు పడితే ముక్కుచీదినట్టు తడితడిగా అవుతాయి. నేను పొద్దున్నే చర్చి పాటల పుస్తకంతో విసురుతున్నాను. అత్తగారి చేత విసనకర్ర పట్టించుకునే కోడళ్ళని ఎక్కడైనా చూశారా?

మా వాడు వాన వెలిశాక చొక్కా లేకుండా తోటలోకి పోయి ఒక్కో కొమ్మా పట్టుకుని ఊపేవాడు. ఆ నీళ్ళన్నీ వాడి నెత్తినే. "ఒరే, జలుబు చేస్తుందిరా" అని నేను వంటింట్లోంచి అరిచేదాన్ని. "నీ టీ ఉందిగా అమ్మా" అనేవాడు. ఇప్పుడు టీకి ఆకూ లేదు, జలుబు చేసేవాడూ లేడు.

ఆ పొట్లం వెతకండి బాబూ. మీకు అమ్మ ఉంటే ఆవిడ మీద ఒట్టు.

ఐసొలీన్

తా.క. కోడళ్ళని మెచ్చుకోకూడదు గానీ, వాసన మాత్రం బాగుంది. వాళ్ళకి చెప్పకండి.

*

సవన్నా-లా-మార్

మిస్ ఐసొలీన్ అమ్మగారికి,

ఈ ఉత్తరం ఆఫీసు తరఫున కాదు, నా తరఫున రాస్తున్నాను. నా వల్ల పెద్ద పొరపాటు జరిగింది. మీ అబ్బాయిగారి సిగ్గు, అలక మా వార్షిక నివేదికలో అచ్చయిపోయాయి. క్షమించండి.

పొట్లం దొరికింది. చల్లగది వెనక గోడవారన పడి ఉంది. తేమకి గింజలన్నీ నల్లబడ్డాయి. మనసొప్పక అన్నీ మా ఇంటి మెట్ల మీద కుండీల్లో పెట్టాను. ఒకే ఒక్కటి లేచింది. పాలడబ్బాలో పెట్టి మినీబస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. సీటు మీదే కూర్చోబెట్టమన్నాను.

మా అమ్మ ఉంది. ఒట్టు పెట్టారని చెబితే నాకు ఆ పూట తిండి పెట్టలేదు.

మీ
కార్డెల్

తా.క. ముఖ్యమైన మాట. ఒకవేళ అది మగమొక్క అయితే వెంటనే పీకేయండి. దాని పుప్పొడి గాలికి పోతే కొండ మీద అందరి పూతా గింజ కడుతుంది. గింజ కట్టిన పూత ఎవరూ కొనరు.

*

కొండ మీంచి, సెప్టెంబరు

కార్డెల్ నాయనా,

పాలడబ్బా క్షేమంగా చేరింది. బస్సులో అందరూ నిలబడ్డారట, వీడొక్కడు కూర్చున్నాడట. అప్పుడే నా నడుం దాకా లేచాడు. ఆ పొడుగు, ఆ సన్నం చూసి మెర్లీన్ కూడా ఏడ్చింది.

మగవాడే.

హోప్టన్ కత్తి పట్టుకుని, వెనక నలుగురిని వేసుకుని వచ్చాడు.

"ఐసీ అక్కా, పక్కకి జరుగు. పీకేసి పోతాం."

"ఎందుకు పీకుతావురా? నీ ఇంట్లో మగవాళ్ళు లేరా?"

"అక్కా, మా పంటంతా గింజలైపోతుంది. మేమేం తినాలి?"

"ఒకణ్ణి పూడ్చుకున్నాను హోప్టన్. రెండోవాణ్ణి నా చేతే పీకిస్తావా? ముందు ఆ కత్తి నా మీద పెట్టు."

టోపీ తీసి చేత్తో నలుపుకుంటూ నిలబడ్డాడు. ఆఖరికి "కనీసం బయట ఉంచకు" అని బతిమాలి వెళ్ళిపోయాడు. వాడి మాటా నిజమే కదా అని కుండీలోకి మార్చి లెన్‌వర్త్ గదిలో పెట్టాను. మూసిన గదిలో ఊపిరాడదు కాబట్టి కిటికీ తెరిచాను. లోయ వైపు కిటికీ, గాలి బాగా ఆడుతోంది. ఇప్పుడు అందరికీ నిశ్చింత.

ప్రేమతో
మిస్ ఐసీ

తా.క. మంచం దుప్పటి మీద పచ్చటి పొడి రాలుతోంది. జబ్బా? కొంచెం మాత్రమే ఉంది, మిగతాది కిటికీలోంచి పోతోంది.

*

సవన్నా-లా-మార్, అర్జెంటు

అమ్మా,

అది జబ్బు కాదు. అదే పుప్పొడి. కిటికీ వెంటనే మూయండి. వెంటనే!

కార్డెల్

తా.క. హోప్టన్ గారికి ఈ ఉత్తరం చూపించవద్దు.

*

కొండ మీంచి, మరుసటి ఏడు అక్టోబరు

నా చిన్నకొడుకు కార్డెల్‌కి,

నీ అర్జెంటు ఉత్తరం వచ్చేసరికి పోయినేటి వానలకి రోడ్డు కొట్టుకుపోయి బాగయింది కూడా. సంగతి తేలాక రాద్దామని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. కోపం చేసుకోకు.

మూసేసరికి ఆలస్యమైంది. కొండ మీద పూతంతా గింజ కట్టింది. హోప్టన్ ఒక గుప్పెడు తెచ్చి నా బల్ల మీద పోశాడు. "చూడు, నీ కిటికీ చేసిన పని!" అని కేకలు. అందరూ మాట్లాడడం మానేశారు. చర్చిలో నా బెంచీ మీద నేనొక్కదాన్నే. నేనే తప్పు చేశాననుకుని గది తలుపు వేసేశాను. మా మగవాడు కూడా పని అయిపోయాక అందరు మగమొక్కల్లాగే ఎండిపోయాడు.

అప్పుడు వానలు పట్టుకున్నాయి నాయనా. ఎడతెగని వాన. నువ్వు పంపిన బహుమతి కోడళ్ళు లోపల్లోపల కుళ్ళిపోయారు. నావీ, హోప్టన్‌వీ, అందరివీ. విప్పి చూస్తే బూడిదలా బూజు. అమ్మడానికి ఆకు ముక్క మిగల్లేదు. మిగిలిందల్లా ఆ బూజు మధ్యన గట్టిపడ్డ గింజలే. ఇంకేం చేస్తారు? తిట్టుకుంటూ అవే దులిపి దాచుకున్నారు. తిట్టుకుంటూ ఈ ఏడు అవే వేశారు.

ఈ ఉత్తరం రాస్తుంటే బయట వాన దంచుతోంది. కొండంతా నా మనవలు నిలబడి తడుస్తున్నారు. పొడుగు తండ్రిది, వాసన తల్లిది. ఒక్కరికీ బూజు లేదు. హోప్టన్ ఇప్పుడు నన్ను అక్కా అనడం లేదు, వియ్యపురాలా అంటున్నాడు. ఎవరి తోటలో మనవడు ఎక్కువ తండ్రి పోలిక అని రమ్ము దుకాణంలో తగువులు. ఇంటికి అయిదు మొక్కలే అంటుందిగా చట్టం, నా తోటలో అయిదే ఉన్నాయి, మీ ఆఫీసులో చెప్పు. కొడుకులకే గదా లెక్క, మనవలకి కాదు కదా?

మీ అమ్మగారిని అడిగానని చెప్పు. నీకు తిండి పెట్టమన్నానని కూడా.

ఇట్లు కొండంతా బంధువులున్న
నాయనమ్మ ఐసొలీన్

తా.క. పోయాక అందరూ వాడు బంగారం అన్నవాళ్ళే. బతికున్నప్పుడు రోజుకొకరు ఫిర్యాదుకి వచ్చేవాళ్ళు, నీ కొడుకు మామిడికాయలు కోశాడనీ, కంచె దాటాడనీ. ఆ గోల ఆగిపోయాక ఇల్లు ఎంత బోసిపోయిందో ఎవరికి చెప్పను? మొన్న హోప్టన్ పెళ్ళాం గేటు దగ్గర నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని అరిచింది: "మిస్ ఐసీ, మీ లెన్‌వర్త్‌వి మా కూరగాయల మళ్ళకి ఎండ తగలనివ్వడం లేదు, కాస్త అదుపులో పెట్టుకో!" వెనకటిలాగే నేనూ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "వస్తే చెప్తాలే అమ్మా" అన్నాను.