మొగిలమ్మ పోయించిన కడవ నీళ్లు

కాశిబుగ్గ, వరంగల్లు
పార్థివ సంవత్సర భాద్రపద శుద్ధ పంచమి

చిరంజీవి సౌభాగ్యవతి సరస్వతిని నాయన మనసారా దీవించి వ్రాయునది. ఇక్కడ నేనూ, మీ అమ్మా కుశలం. నీవూ, అల్లుడూ, మీ అత్తగారూ కుశలమని నీ జాబు వల్ల తెలిసి సంతోషించాము.

అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. ఆముదం మర్దనతో తగ్గింది. నిన్న గోడకు సున్నం వేస్తానని తానే నిచ్చెన ఎక్కబోతే నేను వారించవలసి వచ్చింది.

ఇక నీ అసలు ప్రశ్న. బూజు పట్టిన గదిలో కోడలికి పురుడు పోయనివ్వనని మీ అత్తగారు అన్నారనీ, ఏడవ నెలలో రావాలో వద్దో తేల్చి చెప్పమనీ వ్రాశావు. ఆమె మాట న్యాయమే. అయితే మా ఇంటి యజమానురాలు మొగిలమ్మ అశ్రద్ధను నిందిస్తూ నేను పంపిన సీసపద్యాన్ని నీవు మీ అత్తగారికి చదివి వినిపించావని తెలిసిన నాటి నుంచి నాకు లోలోపల సిగ్గుగా ఉన్నది.

ఇంట అద్దెకు దిగిన నాడే కప్పు బాధ్యత తనదనీ, లోపలి సున్నం మాదనీ మొగిలమ్మ చెప్పింది. శ్రావణంలో పడమటి గోడ నల్లబడగానే, కప్పు కారుతున్నదని నేను తీర్పు చెప్పాను. ఆమె రెండుమార్లు పెంకులు తిరగవేయించింది. ఆ సంగతి నా పద్యంలో చేర్చలేదు.

పోయిన వారం మూడవసారి అడిగితే, కొడుకును కప్పెక్కించి, సరిగ్గా ఆ గోడకు పైన కడవెడు నీళ్లు పోయించింది. లోపల నిలబడి చూస్తే ఒక్క చుక్క రాలలేదు.

“అయ్యగారూ, కప్పు కారితె మరక మీదికెల్లి కిందికి దిగుతది. ఇది నడుమల పుట్టి మీదికి ఎక్కుతాంది. మీ దండెం ఎక్కడున్నదో జర చూడుండ్రి,” అన్నది మొగిలమ్మ.

చూశాను. ఎవరైనా తాకుతారని కిటికీ మూసి, రోజూ తడి మడిపంచె ఆరవేసే దండెం ఆ గోడనే ఆనుకొని ఉన్నది. పొగను చూసి నిప్పును ఊహించడం ముప్పై ఏండ్లు శిష్యులకు నేర్పినవాణ్ణి, బూజును చూసి నా పంచెను ఊహించలేకపోయాను తల్లీ.

“ఇగ పద్యం ఎవరి మీద చెప్తరు?” అన్నది మీ అమ్మ వంటింటి గడపలో నుంచి. మొగిలమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు.

తప్పు ఒప్పుకొని, గోడ గీకి సున్నం నేనే వేశాను. కిటికీ ఇరుకు కావడం తన తప్పని మొగిలమ్మ దాన్ని వెడల్పు చేయించింది. నూలు ఆరవేసే తమ పెరట్లో నాకొక దండెం కట్టించి, అయ్యగారి పంచె జోలికి పోవద్దని మగ్గాల దగ్గరి వారందరినీ హెచ్చరించింది. గదిలోకి ఇప్పుడు పొద్దెక్కేసరికి ఎండ వస్తున్నది.

కనుక నిస్సందేహంగా బయలుదేరు. ఈ ఉత్తరం మీ అత్తగారికి నీవే చదివి వినిపించు. పద్యం విన్న చెవులే దీన్నీ వినాలి. పెరటి దండెం మీద ఎండ బాగా తగిలే కొనను పసిబిడ్డ గుడ్డలకు విడిచిపెట్టాను. నా మడి మరొక చోటు వెతుక్కుంటుంది.

ఇట్లు,
తర్కంలో ఓడి తృప్తిగా ఉన్న
మీ నాయన,
సారంగపాణిశర్మ